నెల్లూరుకు అక్షరాలు మూడా, ఎనిమిదా? బీఏ క్లాసులో కంప్యూటర్ చిక్కులు

డిగ్రీ అడ్మిషన్ల రోజుల్లో మా వీధిలో ఒక పంచాయితీ జరిగింది. పక్కింటి అమ్మాయి బీఏలో తెలుగు తీసుకుంటానంది. వాళ్ళ నాన్న సిలబస్ కాగితం నా చేతికిచ్చి, "ఏంది సార్, తెలుగు చదివే పిల్లకు కంప్యూటర్ పేపర్ ఎందుకు? పోనీ పెట్టారు, దాంతో ఉద్యోగమన్నా వస్తదా?" అన్నాడు. వెనక నిలబడిన మేనమామ దానికి పూర్తిగా అడ్డం తిరిగి, "ఆ ఒక్క పేపరే పనికొచ్చేది, మిగతావన్నీ దండగ" అన్నాడు. అమ్మాయి మాత్రం ఏమీ అనలేదు.

ఇద్దరూ కంప్యూటర్ అన్న ఒక్క మాటతో రెండు వేరే సంగతులు మాట్లాడుతున్నారు. విశ్వవిద్యాలయాల్లో అరవై ఏళ్ళుగా నలుగుతున్న మూడో సంగతి ఇంకొకటి ఉంది. కంప్యూటింగ్‌ను లిబరల్ ఆర్ట్‌గా, అంటే చరిత్ర, తర్కం, సాహిత్యం లాగా ఏ కోర్సు వాళ్ళైనా చదవాల్సిన విద్యగా చెప్పడం. ఈ గొడవ అర్థం కావాలంటే ముందు ఆ మూడింటినీ విడదీయాలి.

ఒకే పేరుతో మూడు చదువులు

మొదటిది వాడకం. వర్డ్‌లో లెటర్ టైపు చేయడం, ఎక్సెల్‌లో టోటల్ వేయడం, మెయిల్ పంపడం, పాస్‌వర్డ్ జాగ్రత్తలు. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ సిలబస్ మారినప్పుడు జీవన నైపుణ్యాల కోర్సుల్లో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) పేరుతో వచ్చింది ఎక్కువగా ఈ కోవదే. ఇది అవసరమే. కాకపోతే ఇది సైకిల్ తొక్కడం లాంటిది, వస్తే చాలు, దాని గురించి తర్కించాల్సింది పెద్దగా ఉండదు.

రెండోది వృత్తి. జావా, డేటాబేస్, ప్రాజెక్ట్, ఇంటర్వ్యూ. మేనమామ మనసులో ఉన్నది ఇదే. నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ రైలెక్కి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వెళ్ళిన పిల్లల్లో చాలామందిని పోషించింది కూడా ఇదే. దీన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

మూడోది చెప్పడం కష్టం. మనం నోటితో తేలిగ్గా అనేసే ఒక పనిని, మనసంటూ లేని యంత్రం కూడా తప్పకుండా చేసేంత స్పష్టంగా విడమరచి రాయాలి. రాస్తుంటే మనకు తెలుసనుకున్నది ఎంతవరకు తెలుసో బయటపడుతుంది. ఇక్కడ యంత్రం చివర్న వస్తుంది. ముందుగా ఉండేది ప్రశ్న: నేను ఏ నియమం ప్రకారం ఈ నిర్ణయానికి వచ్చాను?

లిబరల్ ఆర్ట్ అంటే బొమ్మలు గీయడం కాదు

ఈ మాటతో మనకు రెండు ఇబ్బందులు. ఆర్ట్ అనగానే పెయింటింగ్ గుర్తొస్తుంది, లిబరల్ అనగానే టీవీలో రాజకీయ చర్చ. అసలు అర్థం వేరు. లాటిన్‌లో లీబెర్ అంటే స్వతంత్రుడు. బానిస కాని మనిషికి, సభలో నోరు విప్పి వాదించాల్సిన మనిషికి కావలసిన చదువులు లిబరల్ ఆర్ట్స్. మధ్యయుగపు యూరప్‌లో ఇవి ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం ఒక జట్టు, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం ఇంకో జట్టు. ఏడింటిలో నాలుగు లెక్కలకు దగ్గరివే. ఆర్ట్స్ గ్రూపంటే లెక్కలు తప్పించుకోవడం అన్న మన అలవాటు అర్థం ఆ రోజుల్లో ఎవరికీ మింగుడుపడేది కాదు.

2020 జాతీయ విద్యావిధానం దీన్ని మన అరవై నాలుగు కళలతో ముడిపెట్టింది. ఆ జాబితాలో పాట, చిత్రలేఖనంతో పాటు గణితం, వడ్రంగం కూడా ఉన్నాయని గుర్తుచేసింది. పోలిక బాగానే ఉంది గాని, కళల పట్టిక చెప్పినంత తేలిగ్గా టైంటేబుల్ పడదు.

కంప్యూటర్‌ను ఈ కోవలోకి తెచ్చిన మాట ఇవాళ్టిది కాదు. 1961లో అమెరికాలోని ఎంఐటీలో జరిగిన ఉపన్యాసాల్లో అలన్ పెర్లిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ప్రోగ్రామింగ్‌ను ఏ శాఖ విద్యార్థికైనా ఉదార విద్యలో భాగంగా నేర్పాలన్నాడు. కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు తొలిసారి 1966లో ఇచ్చింది ఈయనకే. 1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ భాషను తయారుచేసింది కూడా సైన్స్ చదవని పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే. ఒకే యంత్రాన్ని ఒకే సమయంలో చాలామంది వాడుకునే ఏర్పాటు చేసి, లైబ్రరీలో పుస్తకం తీసినట్టు కంప్యూటర్ ముందు కూర్చోవచ్చన్నారు. అప్పట్లో కంప్యూటరంటే గదంత యంత్రం, తాళం వేరేవాళ్ళ చేతిలో ఉండేది.

నెల్లూరును లెక్కపెడదాం

మాటలు చాలు, ఒక ఉదాహరణ చేసి చూద్దాం. మా జిల్లాలవాళ్ళకు ఛందస్సు మీద కాస్త హక్కుంది. కవిత్రయంలో తిక్కన పెన్నా ఒడ్డున నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. ఎర్రన ఉమ్మడి ప్రకాశం జిల్లా అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నవాడు. కాబట్టి ఛందస్సుతోనే మొదలుపెడదాం.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో "నెల్లూరు" పొడవెంత అని అడిగితే ఎనిమిది అంటుంది. తెలుగు మాస్టారు మూడంటారు: నె, ల్లూ, రు. ఇద్దరిలో ఎవరు తప్పు?

ఎవరూ కాదు. కంప్యూటర్లు లిపులకు నంబర్లిచ్చి దాచుకునే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. న, ఎత్వం అని రెండు. ల, పొల్లు, ల, ఊత్వం అని నాలుగు. ర, ఉత్వం అని రెండు. మొత్తం ఎనిమిది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, యంత్రానికి ఆరు ముక్కలు. అంటే ప్రోగ్రాం మొదటి లైను రాయకముందే విద్యార్థి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: అక్షరం అంటే ఏమిటి? ఇది కంప్యూటర్ ప్రశ్నా, వ్యాకరణ ప్రశ్నా? పొల్లు వస్తే తర్వాతి హల్లును ఇదే అక్షరంలో కలుపు, గుణింతపు గుర్తు వస్తే ముందున్న దానికి తగిలించు, ఇలా నియమాలు రాస్తే నెల్లూరు మూడుకు వస్తుంది.

తర్వాత గురులఘువులు. దీర్ఘమైతే గురువు, ఐ, ఔ కూడా అంతే. సున్నా గాని విసర్గ గాని పొల్లు హల్లు గాని ఉంటే గురువు. తన తర్వాత సంయుక్తం గాని ద్విత్వం గాని ఉంటే గురువు. లేకపోతే లఘువు. నెల్లూరులో "నె" పొట్టిదే అయినా వెనక "ల్లూ" ఉంది కాబట్టి గురువు. "ల్లూ" దీర్ఘం, గురువు. "రు" లఘువు. గురువు, గురువు, లఘువు: ఇది త గణం. ఒంగోలు వేసి చూడండి. "ఒం" సున్నాతో గురువు, "గో" గురువు, "లు" లఘువు. అదీ త గణమే! రెండు జిల్లా కేంద్రాలకూ ఒకటే నడక. కావలి మాత్రం గురువు, లఘువు, లఘువు, భ గణం. ఉత్పలమాల భ గణంతో మొదలవుతుంది కాబట్టి కావలి పేరుతో ఉత్పలమాల ఎత్తుకోవచ్చు, నెల్లూరుతో కుదరదు.

ఇంతవరకు బడిలో చదివిందే. దీని కింద ఇంకో అర ఉంది. మన ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం అనే పద్ధతి ఉంది. మూడక్షరాల గణాలన్నిటినీ ఒక వరుసలో పేర్చి నంబర్లిస్తారు: మ, య, ర, స, త, జ, భ, న. ఏ గణానికి ఏ నంబరో వరుస చూడకుండా కనుక్కోవాలంటే మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 విలువ వేసి, లఘువు ఉన్నచోట్ల విలువలు మాత్రం కూడి, 1 కలపాలి. నెల్లూరులో లఘువు మూడోచోటే, 4కి 1 కలిపితే 5. త గణం వరుసలో ఐదోదే. కావలికి 2, 4, ఒకటి కలిసి 7. భ గణం ఏడోది.

ఇదే లెక్కను ఇరవై అక్షరాల ఉత్పలమాల పాదానికి వేస్తే 3,55,799 వస్తుంది. ఛందోగ్రంథాల్లో ఉత్పలమాలకిచ్చే వృత్తసంఖ్య ఇదే. ఇరవై అక్షరాలతో సాధ్యమైన నడకలు మొత్తం 10,48,576, వాటిలో ఇది 3,55,799వది. గురువును సున్నా, లఘువును ఒకటి అనుకుంటే ఇది కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానం, చిన్న విలువ ఎడమవైపు నుంచి మొదలవడం, చివర్న ఒకటి కలపడం మాత్రమే తేడా. పూర్వీకులు కంప్యూటర్ కనిపెట్టారని దీనికి అర్థం కాదు. వాట్సాప్‌లో తిరిగే ఆ రకం గొప్పలకు ఇక్కడ పనిలేదు. ఒక రూపాన్ని సంఖ్యగా, సంఖ్యను మళ్ళీ రూపంగా మార్చవచ్చన్న ఆలోచన తెలుగు విద్యార్థికి ఇంటి సరుకే అని మాత్రం అర్థం.

అసలు మజా తప్పుల దగ్గర ఉంటుంది. "సుకృతి"లో "సు" లఘువు, ఎందుకంటే వట్రసుడి సంయుక్తం కాదు. యూనికోడ్ కూడా వట్రసుడిని గుణింతపు గుర్తుగానే పెట్టింది, కాబట్టి ప్రోగ్రాం సరిగ్గానే చెబుతుంది. ఎవరైనా "సుక్రుతి" అని టైపు చేశారనుకోండి, అప్పుడు అది క కింద రావత్తు, "సు" గురువైపోతుంది. స్పెల్లింగ్ తప్పు ఛందస్సు తప్పుగా మారింది. ఇంకో చోట, "జయశ్రీ" సమాసం కాబట్టి "య" గురువు. "వాడు ప్రేమగా" అన్నప్పుడు "డు" వెనక "ప్రే" ఉన్నా లఘువే, అవి సమాసం కాని విడి మాటలు కాబట్టి. యంత్రానికి సమాసమేదో విడిమాటేదో తెలియదు. మధ్యలో ఖాళీ ఉంటే విడిమాట అనుకోమంటే "జయ శ్రీ" అని విడగొట్టి రాసినవాళ్ళ దగ్గర పప్పులో కాలేస్తుంది. ఇక్కడ విద్యార్థి ఆగాలి. ఏ నియమం రాయగలం, ఏ నియమానికి అర్థం తెలిసిన మనిషి కావాలి అని తేల్చుకోవాలి. నా దృష్టిలో ఆ ఆగడమే ఈ చదువు.

ఛందస్సు పట్టనివాళ్ళకు సీట్ల లెక్క

రాజనీతిశాస్త్రం విద్యార్థికి వేరే ఉదాహరణ. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంటింటా టెన్షనే: పెద్ద కాలేజీ మొదటి ఆప్షన్ పెడితే అది రాకపోగా రెండోది కూడా పోతుందేమో! రిజర్వేషన్ల వంటివి పక్కనబెట్టి ఊరికే అనుకుందాం. నియమం "ర్యాంకు వరుసలో ఒక్కొక్కరిని పిలిచి, వాళ్ళ జాబితాలో పైనుంచి ఖాళీ ఉన్న మొదటి సీటు ఇవ్వు" అయితే ఆ భయం అనవసరం. పెద్ద కాలేజీని పైన పెట్టినందుకు పోయేదేం లేదు. నియమం "ముందు అందరి మొదటి ఆప్షన్లూ నింపు, మిగిలితే రెండో ఆప్షన్లు చూడు" అయితే ఆ భయం నిజమే. ర్యాంకులు అవే, సీట్లు అవే, నియమంలో ఒక్క మాట మారితే తెలివైన నిర్ణయం తలకిందులవుతుంది. ఈ తరహా కేటాయింపుల మీద గేల్, షేప్లీ అనే ఇద్దరు గణిత పండితులు 1962లోనే వ్యాసం రాశారు. 2012లో అర్థశాస్త్రపు నోబెల్ షేప్లీకి, ఆయనతో పాటు రోత్‌కు వచ్చింది ఈ దారిలో చేసిన పనికే. పౌరుడిగా ఈ నియమమేమిటని అడగడానికి కోడ్ రాయడం రానక్కర్లేదు, నియమం అనేది ఒకటి ఉంటుందని తెలిస్తే చాలు.

బయట ఏం జరిగింది

అట్లాంటాలోని జార్జియా టెక్ 1999లో ప్రతి విద్యార్థీ కంప్యూటింగ్ కోర్సు చదివి తీరాలంది. అందరికీ ఒకటే కోర్సు. ఇంజనీరింగ్ పిల్లలు నెట్టుకొచ్చారు. లిబరల్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్, మేనేజ్‌మెంట్ పిల్లల్లో సగం మంది కూడా గట్టెక్కలేదు. 2003లో మార్క్ గజ్డియల్ వాళ్ళకు వేరే కోర్సు పెట్టాడు. లూపులు (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే ఆదేశాలు) అవే, షరతులు అవే. కాకపోతే వాటితో ఫొటోలో ఎర్రరంగు తగ్గించడం, శబ్దాన్ని వెనక్కి తిప్పడం చేయించాడు. గట్టెక్కేవాళ్ళు బాగా పెరిగారు. పాఠం సులువు చేశారని కొందరన్నారు. గట్టెక్కించిన తేడా పాఠంలో లేదు, ఉదాహరణల్లో ఉంది.

స్టాన్‌ఫర్డ్ కథ వేరేగా ముగిసింది. 2014లో కంప్యూటర్ సైన్సును ఇంగ్లిషు, సంగీతం వంటి వాటితో కలిపి 'సీఎస్ + ఎక్స్' పేరుతో ఒకే మేజర్‌గా, అంటే ప్రధాన విషయంగా పెట్టింది. చేరినవాళ్ళు తక్కువ. 2019లో ఎత్తేశారు. రెండు శాఖల పనిభారం ఒక్క విద్యార్థి నెత్తిన పడింది, రెండింటినీ కలిపే పని కూడా వాళ్ళకే వదిలేశారు. పేరులో ప్లస్ గుర్తు పెట్టినంత మాత్రాన క్లాసులో అవి కలవవు.

వద్దనేవాళ్ళ మాటలో బలమెంత

1988లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక వ్యాసంలో, కంప్యూటింగ్ శాస్త్రం అంటే కఠినమైన తర్కం, గణితం అన్నాడు. దాన్ని తెలిసిన పోలికలతో మెత్తబరిస్తే అసలు కొత్తదనమే పోతుందని ఆయన వాదన. మొదటి ఏడాది పిల్లలు ప్రోగ్రాం నడిపి చూసుకోవాలన్న ఆశ పుట్టకుండా, క్యాంపస్‌లో ఎక్కడా నడవని భాషలో రాయించాలన్నాడు. ఆయన ప్రకారం నా ఛందస్సు ఉదాహరణ తీపి పూసిన మాత్ర. కొంత నిజముంది: ఉదాహరణ ముచ్చట మిగిలి, నిరూపణ జారిపోయే ప్రమాదం ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఆలోచన మొత్తం పదునెక్కుతుందని ఒక నమ్మకం. లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాష నేర్చినవాళ్ళని రాయ్ పీ, మిడియన్ కర్లండ్ అనే పరిశోధకులు పరీక్షించి 1984లో రాసినదాన్ని బట్టి, వేరే పనుల్లో ప్రణాళిక వేసే శక్తి దానంతటది పెరగలేదు. 2006లో కంప్యూటర్ శాస్త్రవేత్త జెనెట్ వింగ్ కంప్యుటేషనల్ థింకింగ్ (కంప్యూటర్ శాస్త్రజ్ఞుల తీరులో ఆలోచించడం) అందరికీ అవసరమని రాశాక ఆ నమ్మకం మళ్ళీ ఊపందుకుంది, ఈ సందేహం మాత్రం తీరలేదు. పీత్జా ముక్కలతో లూపు చెబితే జీవితంలో అన్ని లూపులూ అర్థమైపోతాయనుకోవడం అత్యాశే. ఛందస్సులో నేర్చింది ఛందస్సులో పనికొస్తుంది, దాని పక్కనున్న నిఘంటువు పనిలోనో శాసనాల పనిలోనో పనికిరావచ్చు. అంతకు మించి హామీ ఇవ్వకపోవడం నిజాయితీ.

మూడోది పక్కింటాయన ప్రశ్న. ఫీజు కట్టేవాళ్ళకు ఉద్యోగం ముఖ్యం. దీనికి చర్చతో జవాబు లేదు. రెండో చదువును, అంటే వృత్తి చదువును మూడోదానితో కలిపేసి ఇది చదివితే సాఫ్ట్‌వేర్ జాబ్ అని చెప్పేవాళ్ళు మాత్రం ఆయన్ని మోసం చేస్తున్నట్టే.

మన కాలేజీల్లో ఎక్కడ పట్టుకుంటుంది

2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. అప్పుడు పెట్టిన నియమం: ఒక మేజర్, రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్, అంటే తోడు విషయం. కాగితం మీద తెలుగు మేజర్‌కు కంప్యూటర్ మైనర్ తోడు రావడానికి ఇది మంచి కిటికీ. కాకుటూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి అని రెండు విశ్వవిద్యాలయాలున్న ప్రాంతం మనది, వాటి కింద ఊరూరా డిగ్రీ కాలేజీలున్నాయి. కిటికీ తెరవాల్సింది మాత్రం కాలేజీ టైంటేబుల్. మైనర్ తరగతీ, మేజర్ తరగతీ ఒకే గంటలో పడితే కథ అక్కడే కంచికి.

భాష ఇంకో పేచీ. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులు ఇంగ్లిషు మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్ల లూపు, ఫంక్షన్, రికర్షన్‌తో పాటు వాటిని వివరించే వాక్యాన్ని కూడా అప్పుడే నేర్చుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద అడ్డం ప్రాక్టికల్ రికార్డు. నా డిగ్రీ రోజుల్లో మా కాలేజీలో సీ ప్రోగ్రాంలు ముప్పై రాశాం. ఎడమవైపు తెల్లపేజీ, కుడివైపు గీతలపేజీ. కుడివైపు ప్రోగ్రాం, ఎడమవైపు అవుట్‌పుట్, అదీ నీలం పెన్నుతో, నడపకుండానే. సీనియర్ రికార్డులో ఒకచోట మొత్తం తప్పు పడింది, 15 రావాల్సిన చోట 16. అది క్లాసంతటికీ 16గానే వచ్చింది, అందరికీ సంతకం పడింది. ప్రోగ్రాం బట్టీపట్టడం సాధ్యమైనంత కాలం దాన్ని బట్టీయే పడతారు. పద్యం ప్రతిపదార్థం బట్టీపట్టి తాత్పర్యం తెలియకుండా మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మనమే కదా!

ఇప్పుడు ఏఐ వచ్చి రికార్డును ఇంకా తేలిక చేసింది. గురులఘువుల ప్రోగ్రాం అడిగితే క్షణాల్లో రాసిస్తుంది. కోడ్ అదే రాస్తుంటే మనం ఎందుకు నేర్చుకోవాలని కొందరు, రాసిచ్చింది తప్పో ఒప్పో తేల్చడానికైనా ఇప్పుడే ఎక్కువ కావాలని కొందరు. నేను రెండోవైపు మొగ్గుతాను. "వాడు ప్రేమగా"లో "డు" గురువని కోడ్ చెబితే అది తప్పని పట్టుకోవడానికి పైథాన్ చాలదు, ఛందస్సు తెలియాలి. మొదటి వర్గం మాటలోనూ పస ఉంది: సింటాక్స్ (కోడ్ రాసే భాష వ్యాకరణం) మీద ఒక సెమిస్టర్ మొత్తం ఖర్చు పెట్టడానికి ఇంతకుముందున్న కారణం సగం పోయింది.

ఈ పేపర్ ఎవరు దిద్దాలి

పక్కింటి అమ్మాయి చివరికి తెలుగే తీసుకుంది. ఆ మధ్య ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని మా ఇంటి పాత ల్యాప్‌టాప్‌లో గురులఘువుల ప్రోగ్రాం రాశాం. నెల్లూరు, ఒంగోలు, కావలి, పొదిలి, అన్నీ సరిగ్గా వచ్చాయి. "వాడు ప్రేమగా" దగ్గర తప్పింది, మేం ఖాళీని లెక్కలోకి తీసుకోలేదు. ఆ తప్పుతో సహా కాగితం మీద ప్రింట్ తీసి నాకు తెలిసిన ఇద్దరు లెక్చరర్లకు చూపించి, పదికి ఎన్ని వేస్తారని అడిగాను. కంప్యూటర్ సారు తిరగేసి, ఎర్రర్ లేకుండా నడుస్తోంది, ఫంక్షన్లు విడగొట్టింది, తొమ్మిదన్నారు. తెలుగు మేడం మూడో లైను దగ్గరే ఆగి, లఘువును గురువన్నాక ఇక ఛందస్సేముంది, నాలుగన్నారు. అమ్మాయి కాగితం వెనక్కి తీసుకుని, వెనకవైపు పెన్సిల్‌తో రాసుకుంది: ఖాళీ వస్తే ఏం చేయాలి? సమాసమని ఎట్టా తెలుస్తుంది?